ద్రవ్యనిత్యత్వ నియమానికి ఏ ప్రయోగం చేయించాలి? అయిదింటిని పక్కపక్కన పెట్టి చూస్తే

"ద్రవ్యరాశిని సృష్టించలేం, నాశనం చేయలేం." తొమ్మిదో తరగతిలో ఎవరిని లేపి అడిగినా ఈ వాక్యం తడుముకోకుండా చెప్పేస్తారు. అదే పిల్లల ముందు ఒక కర్పూరం బిళ్ళ వెలిగించి, పళ్ళెం ఖాళీ అయ్యాక "కర్పూరం ఏమైంది?" అని అడగండి. "అయిపోయింది సార్", "కాలిపోయింది టీచర్" అన్న జవాబులే ఎక్కువ వస్తాయి. నియమం నోటికి వచ్చింది గానీ, కళ్ళ ముందు జరిగినదానికి దాన్ని ముడిపెట్టడం రాలేదు. ఆ ముడి పడాలంటే ప్రయోగం చేయాల్సిందే. చిక్కల్లా ఏ ప్రయోగం అన్న దగ్గరే.

పుస్తకంలో ఉన్న అవక్షేపం (రెండు ద్రావణాలు కలిస్తే అడుక్కి దిగే గట్టి పదార్థం) ప్రయోగం చేయాలా? వంట సోడా, వెనిగర్‌తో కానిచ్చేయాలా? ఇనుప పీచు కాల్చి చూపిస్తే బాగుంటుందా? కొవ్వొత్తి చాలదా? ముందు మంచుముక్కతో మొదలుపెట్టమనేవాళ్ళూ ఉన్నారు. అన్నీ మంచివే, కానీ అన్నీ ఒకే పని చేయవు. కొన్ని పరిశీలన నేర్పడానికి బాగా పనికొస్తాయి, నియమం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. కొన్ని నియమాన్ని చక్కగా చూపిస్తాయి, పిల్లల ఆలోచనను మాత్రం కదిలించవు. ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే నేను గట్టి ప్లాస్టిక్ సీసాలో వంట సోడా, వెనిగర్ ప్రయోగాన్నే ఎంచుకుంటాను. ఎందుకో, ఎవరికి అది సరిపడదో కింద చెబుతాను.

## ముందు చూసుకోవాల్సినవి

మీ దగ్గరున్న త్రాసు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే, చాలామంది చివర్లో చూసేదీ ఇదే. స్కూళ్ళలో ఉండే స్ప్రింగ్ త్రాసు మీద చిన్న గీత 5 గ్రాములకో 10 గ్రాములకో ఉంటుంది. ఒక గ్రాము సోడా వాడి మూత లేకుండా చర్య జరిపినా బయటికి పోయే వాయువు అర గ్రాము చుట్టూనే. ఆ త్రాసు మీద ముందూ వెనకా ఒకే గీత కనిపిస్తుంది. పిల్లలు "సమానం" అని రాసుకుంటారు, మనం "చూశారా, నియమం రుజువైంది" అంటాం. నిజానికి అక్కడ రుజువైంది త్రాసు మొద్దుగా ఉందన్న సంగతి ఒక్కటే. వంటింటి డిజిటల్ త్రాసు 1 గ్రాము వరకే చూపిస్తుంది కాబట్టి అదీ చాలదు. 200 గ్రాముల వరకు తూచి, 0.01 గ్రాము తేడా చూపించే చిన్న పాకెట్ త్రాసులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొనగలిగితే సైన్సు గదికి ముందు అదే కొనండి. ల్యాబ్‌లో భౌతిక త్రాసు ఉండి, తూనికరాళ్ళ పెట్టె పూర్తిగా ఉంటే అదీ మంచిదే. కాకపోతే తూచడానికే పీరియడ్ సగం పోతుంది.

మూత వేయగలమా? వాయువు వచ్చే చర్యకైనా, గాలిని పీల్చుకునే చర్యకైనా నియమం చూపించాలంటే పాత్ర మూసి ఉండాలి. మూసిన పాత్రలో ఒత్తిడి పెరుగుతుందా, పాత్ర సైజు మారుతుందా అన్నది కూడా చూడాలి. ఈ రెండోది ఎందుకు ముఖ్యమో బెలూన్ దగ్గర తెలుస్తుంది.

పిల్లలు ఎక్కడ పొరబడతారు? "తగ్గుతుంది" అని పిల్లలు గట్టిగా నమ్మే చోట తగ్గకపోతేనే తరగతిలో చర్చ లేస్తుంది. ముందే "మారదులే" అనుకునే ప్రయోగంలో మారకపోతే ఎవరికీ ఏమీ అనిపించదు.

ప్రమాదం, మిగిలిన వ్యర్థం, సమయం. పీరియడ్ 40–45 నిమిషాలే. అందులో తూచడం, చర్య, మళ్ళీ తూచడం, మాట్లాడుకోవడం అన్నీ కావాలి. చర్య అయ్యాక మిగిలినదాన్ని ఎక్కడ పారబోస్తారో కూడా ముందే అనుకోవాలి.

## పరిశీలన ఎక్కడ ఆగుతుంది, అనుమితి ఎక్కడ మొదలవుతుంది?

కొండ మీద పొగ కనిపించడం పరిశీలన, అక్కడ నిప్పుందనడం అనుమితి. మన తర్కశాస్త్రంలో తరతరాలుగా చెబుతున్న ఉదాహరణే ఇది. కెమిస్ట్రీ గదిలో మాత్రం ఈ గీత ఇంత స్పష్టంగా ఉండదు. వంట సోడా మీద వెనిగర్ పోయగానే పిల్లలు "కార్బన్ డయాక్సైడ్ వచ్చింది" అని రాస్తారు. కార్బన్ డయాక్సైడ్‌ని వాళ్ళెవరూ చూడలేదు. చూసింది బుడగలు, విన్నది బుసబుసమన్న చప్పుడు, తగిలింది వెనిగర్ వాసన. అది కార్బన్ డయాక్సైడ్ అనడానికి ఆ వాయువుని సున్నపు తేటలోకి పంపి, తేట పాలలా తెల్లబడటం చూడాలి.

రికార్డు పుస్తకంలో పేజీ మధ్యన నిలువు గీత కొట్టించండి. ఎడమవైపు కంటికి, చెవికి, చేతికి, త్రాసుకి తెలిసింది. కుడివైపు దాన్నిబట్టి మనం అనుకున్నది. ప్రతి అనుమితికీ ఎడమవైపున్న ఏ పరిశీలన ఆధారమో బాణం గుర్తుతో చూపించమనండి. బాణం వేయలేని అనుమితి ఏదైనా ఉంటే అది పుస్తకంలోంచి వచ్చిందన్నమాట. తప్పేం లేదు, కానీ అది పుస్తకంలోంచి వచ్చిందని పిల్లలకి తెలియాలి.

ఇందులో పెద్దవాళ్ళు కూడా జారిపోయే చోటు ఒకటుంది. "త్రాసు మీద అంకె 0.7 తగ్గింది" అన్నది పరిశీలన. "ద్రవ్యరాశి 0.7 గ్రాములు తగ్గింది" అన్నది అప్పటికే అనుమితి. రెండూ ఒకటేలా అనిపిస్తాయి, కానీ ఒకటి కాదు. కింద వచ్చే అయిదు ప్రయోగాల్లో మూడు ఈ తేడా మీదే నిలబడతాయి.

## 1. అవక్షేపం ఏర్పడే చర్య

పాఠ్యపుస్తకాల్లో కనిపించే పద్ధతి ఇదే. కోనికల్ ఫ్లాస్కులో ఒక ద్రావణం, దారంతో వేలాడదీసిన చిన్న పరీక్షనాళికలో ఇంకో ద్రావణం, పైన బిరడా. తూచి, ఫ్లాస్కుని వంచి కలిపి, మళ్ళీ తూస్తారు. లెడ్ నైట్రేట్, పొటాషియం అయోడైడ్ వాడితే రెండు రంగులేని ద్రావణాలు కలవగానే పసుపచ్చని లెడ్ అయోడైడ్ దిగుతుంది. చూడటానికి అంత అందమైన చర్య ఇంకోటి ఉండదు.

అయినా నేను దీన్ని మొదటి ప్రయోగంగా పెట్టను. మొదటి కారణం సీసం. లెడ్ నైట్రేట్ విషపదార్థం, మిగిలినదాన్ని సింక్‌లో పోయకూడదు, విడిగా డబ్బాలో దాచి సరైన చోటికి పంపాలి. ఆ ఏర్పాటు మన స్కూళ్ళలో ఎన్నిచోట్ల ఉంది? రెండో కారణం ఇంకా పెద్దది. ఇక్కడ బరువు మారుతుందని పిల్లలకి అసలు అనిపించదు. రెండు నీళ్ళు కలిశాయి, రంగు మారింది, అన్నీ ఫ్లాస్కులోనే ఉన్నాయి. మారకపోవడం వాళ్ళకి వింత కాదు. గట్టి పదార్థం ఏర్పడింది కాబట్టి బరువు పెరిగి ఉంటుందని ఒకరిద్దరు అంటారు. ఆ మాట ఎవరైనా అంటే వదలకండి, చర్చ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

సీసం లేకుండా చేయాలంటే ఎప్సమ్ సాల్ట్ ద్రావణం, వాషింగ్ సోడా ద్రావణం కలపండి, తెల్లటి అవక్షేపం వస్తుంది. ఎప్సమ్ సాల్ట్ మందుల షాపులో దొరుకుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ పేరుతో ఎరువుల దుకాణంలోనూ ఉంటుంది. మైలుతుత్తం, వాషింగ్ సోడా కలిపితే నీలం, ఆకుపచ్చ కలిసిన ముద్దలాంటి అవక్షేపం వచ్చి రంగు బాగుంటుంది గానీ, ఒక సంగతి గమనించాలి. ఈ చర్యలో కొంత కార్బన్ డయాక్సైడ్ కూడా విడుదలవుతుంది. గాఢమైన ద్రావణాలు తీసుకుంటే బుడగలు కనిపిస్తాయి కూడా. బిరడా పెట్టకుండా 0.01 గ్రాముల త్రాసు మీద చేస్తే అంకె కాస్త తగ్గొచ్చు. అవక్షేపం చర్యే కదా, మూత ఎందుకులే అనుకుంటే ఇక్కడే బోల్తా పడతాం. మైలుతుత్తం నోట్లోకి పోకూడదు కాబట్టి చేతులు కడిగించడం మరచిపోవద్దు.

## 2. వంట సోడా, వెనిగర్

దీన్ని మూడు రకాలుగా చేస్తారు: మూత లేకుండా, బెలూన్ తగిలించి, గట్టి సీసాలో మూత బిగించి. ఈ మూడింటి మధ్య తేడా తెలియకపోతే మంచి ప్రయోగం కాస్తా పిల్లల్ని తికమక పెడుతుంది.

బెలూన్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే వీడియోల్లో ఎక్కువగా కనిపించేది అదే. రెండు గ్రాముల సోడా పూర్తిగా చర్య జరిపితే దాదాపు 1.05 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన వేసవి వేడిలో దాని ఘనపరిమాణం 0.6 లీటరు దాకా ఉంటుంది. బెలూన్ అంత ఉబ్బిందంటే అంత గాలిని పక్కకి నెట్టిందన్నమాట. 0.6 లీటరు గాలి బరువు సుమారు 0.7 గ్రాములు. నీళ్ళలో ముంచిన వస్తువుని నీళ్ళు పైకి తోసినట్టే, గాలి కూడా బెలూన్‌ని ఆ 0.7 గ్రాముల మేర పైకి తోస్తుంది. త్రాసు అంకె అంత మేరకు తగ్గుతుంది. ఒక్క బుడగ కూడా బయటికి పోలేదు, అయినా అంకె తగ్గింది! పిల్లలు "బెలూన్ లీకైంది" అంటారు, టీచర్ కూడా అదే అనుకుని ఇంకోసారి గట్టిగా దారం కట్టి చేస్తారు, మళ్ళీ అంతే తగ్గుతుంది. ఇలా పైకి తోయడాన్ని, అంటే ఉత్ప్లవనాన్ని, చదివిన పిల్లలకైతే ఇది బంగారం లాంటి ప్రశ్న. చదవనివాళ్ళకి నియమం మీదే అనుమానం పుట్టిస్తుంది. కాబట్టి మొదటిసారి చెప్పేటప్పుడు బెలూన్ వద్దు.

గట్టి సీసా అంటే సోడా, కూల్‌డ్రింక్ అమ్మే ప్లాస్టిక్ సీసా. అవి ఒత్తిడి తట్టుకునేలా తయారవుతాయి. మంచినీళ్ళ సీసా పల్చగా ఉంటుంది, అది వద్దు. గాజు సీసాకి మూత బిగించి ఈ ప్రయోగం ఎప్పుడూ చేయొద్దు. 500 మి.లీ. సీసాలో 30 మి.లీ. వెనిగర్ పోయండి. హోమియో మందుల చిన్న సీసా లాంటిది, మెడలోంచి పట్టేది, ఒకటి తీసుకుని అందులో ఒక గ్రాము సోడా వేసి నిలువుగా లోపలికి జార్చండి. సోడా వెనిగర్‌లో పడకుండా అది గోడకి ఆనుకుని నిలబడుతుంది. మూత బిగించి తూచండి. తర్వాత సీసాని వంచండి. బుసబుసా పొంగుతుంది, సీసా గట్టిపడుతుంది. పిల్లల్ని చేత్తో నొక్కి చూడమనండి, ఇందాక మెత్తగా ఉన్నది ఇప్పుడు రాయిలా ఉంటుంది. మళ్ళీ తూచండి. అంకె మారదు.

ఇప్పుడు మూత కొద్దిగా వదులు చేయండి. 'స్స్...' అని గాలి పోతుంది. సీసా త్రాసు మీదే ఉంచి మూత తిప్పగలిగితే అంకె దిగడం అందరికీ కనిపిస్తుంది. తగ్గేది దాదాపు 0.4 గ్రాములు. లెక్క ప్రకారం ఒక గ్రాము సోడా నుంచి 0.52 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ రావాలి కదా, మిగతా 0.12 ఎక్కడుంది? చురుకైన పిల్లలు అడిగే ప్రశ్న ఇది. సీసాలోనే ఉంది. బయటికి పోయింది గాలి, కార్బన్ డయాక్సైడ్ కలిసిన మిశ్రమం. లోపల గాలి ఉన్న చోట ఇప్పుడు దానికన్నా బరువైన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలింది. వెనిగర్ ఒలకకుండా సీసాని నొక్కి వదలడం ఐదారుసార్లు చేస్తే లోపలిది పోయి మామూలు గాలి వస్తుంది, తేడా 0.5 గ్రాముల దగ్గరికి చేరుతుంది. ఇంత చిన్న సీసాలో ఇంత ఆలోచన దాగి ఉండటం వల్లే ఈ ప్రయోగమంటే నాకు ఇష్టం.

కొలతలు ఇష్టం వచ్చినట్టు పెంచొద్దు. 500 మి.లీ. సీసాకి ఒక గ్రాము చాలు. వెనిగర్ లేకపోతే ఈనో పొడి, నీళ్ళు వాడొచ్చు. అందులో సోడాతో పాటు ఆమ్లం కూడా ఉంటుంది కాబట్టి నీళ్ళు తగిలితే చాలు. 5 గ్రాముల పొట్లంలో పావు వంతు మించి వేయకండి.

## 3. ఇనుప పీచు కాల్చడం

కాలితే బూడిదై తేలికవుతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. కట్టె, కాగితం, కర్పూరం అన్నిటిలోనూ వాళ్ళు చూసింది అదే. ఇనుప పీచు కాల్చాక బరువు పెరుగుతుంది. కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు.

అంట్లు తోమే స్టీలు పీచు దీనికి పనికిరాదు, అది స్టెయిన్‌లెస్ స్టీలు, సరిగా కాలదు. పెయింట్, హార్డ్‌వేర్ షాపుల్లో పాలిష్ పనికి అమ్మే సన్నటి ఇనుప పీచు కావాలి, నాలుగు సున్నాల గ్రేడ్ అయితే ఇంకా మంచిది. మూడు గ్రాముల పీచుని వదులుగా విప్పి రేకు పళ్ళెంలో పెట్టి, 9 వోల్టుల బ్యాటరీ రెండు కొసలూ తాకిస్తే ఎర్రటి గీతలు పాకుతూ కాలుతుంది. ఇనుమంతా ఆక్సైడుగా మారితే బరువు 38 శాతం దాకా పెరగాలి. తరగతిలో అంత పెరగదు, లోపలి పీచు కాలకుండా మిగులుతుంది, కొన్ని రవ్వలు రాలిపోతాయి. అయినా 0.1 గ్రాముల త్రాసు మీద కూడా పెరుగుదల తెలుస్తుంది. పూర్తిగా చల్లారాకే తూచాలి. వేడి వస్తువు చుట్టూ గాలి పైకి లేస్తుంది కాబట్టి త్రాసు తక్కువ చూపిస్తుంది.

అనుమితి ఎలా దారి తప్పుతుందో చెప్పడానికి చరిత్రలో ఇంతకన్నా మంచి కథ లేదు, అదీ ఈ ప్రయోగంతోనే చెప్పాలి. 1673లో రాబర్ట్ బాయిల్ మూసిన గాజుపాత్రలో తగరాన్ని వేడి చేశాడు. పాత్ర మూతి విరిచినప్పుడు గాలి లోపలికి దూసుకుపోయిన చప్పుడు విన్నాడు. ఆ తర్వాత లోహాన్ని తూచి, బరువు పెరిగిందని చూసి, నిప్పు కణాలు గాజులోంచి దూరి లోహంలో చేరాయన్నాడు. పరిశీలనలు రెండూ సరైనవే, అనుమితి తప్పింది. వందేళ్ళ తర్వాత, 1774లో, ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త లావోయిజర్ పాత్రని తెరవక ముందే తూచాడు. బరువు మారలేదు. మూత తీయగానే గాలి దూరింది, అప్పుడు పెరిగింది. బరువు పెరగడానికి కారణం నిప్పు కాదు, గాలిలోని ఒక భాగం అని తేలింది. ఎప్పుడు తూచాలి అన్న ఒక్క మార్పు రసాయనశాస్త్రం దిశనే మార్చింది. మూత వదులు చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి తూచమని సోడా సీసా దగ్గర చెప్పడంలో ఉన్నది కూడా ఈ ఆలోచనే.

ఇబ్బంది ఏమిటంటే ఇది బహిరంగ వ్యవస్థ, అంటే మూత లేక బయటి గాలి వచ్చి చేరే ఏర్పాటు. ద్రవ్యరాశి మారలేదని ఇక్కడ చూపించలేం, "గాలి నుంచి ఏదో చేరింది" అన్న అనుమితి దాకానే వెళ్ళగలం. నిప్పు ఉంటుంది, రవ్వలు లేస్తాయి, అరవైమంది పిల్లలు మూగే గదిలో టీచరే చేసి చూపించాలి. తీరిక ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఇనుప పీచుని వెనిగర్‌లో తడిపి పిండి, గాజు జాడీలో పెట్టి మూత బిగించి తూచి ఉంచండి. రెండు మూడు రోజులకి తుప్పు పడుతుంది, అంకె అలాగే ఉంటుంది. మూత తీస్తే గాలి లోపలికి పోతుంది, అంకె కాస్త పెరుగుతుంది. ఇక్కడ లోపలి ఆక్సిజన్ ఖర్చవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి గాజు జాడీ వాడొచ్చు.

## 4. కొవ్వొత్తి

పరిశీలన ఒక్కటే నేర్పాలనుకుంటే దీనికి సాటి లేదు. మైకెల్ ఫారడే 1860–61లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే వరుసగా ఉపన్యాసాలిచ్చాడు. మీరు ఒక్క పీరియడ్ ఇవ్వండి చాలు. జ్వాల అడుగున నీలం, మధ్యలో ముదురు రంగు, పైన పసుపు. వత్తి చుట్టూ గిన్నెలా నిలిచిన కరిగిన మైనం. జ్వాలలో పెట్టిన తెల్ల సాసరుకి మసి. జ్వాల పైన కాసేపు పట్టిన చల్లని స్పూను మీద చెమ్మ. ఆర్పిన వెంటనే లేచే తెల్లటి పొగ తీగకి అగ్గిపుల్ల చూపిస్తే, పుల్ల వత్తికి తగలకుండానే మంట కిందికి దూకి వత్తి వెలుగుతుంది. "వత్తి కాలుతోంది" అని రాసినవాళ్ళందరూ కుడివైపు గడిలో మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది. కాలుతున్నది మైనం ఆవిరి.

ద్రవ్యనిత్యత్వానికి వచ్చేసరికి కొవ్వొత్తి నిలబడదు. త్రాసు మీద పెడితే నిమిషానికి 0.1 గ్రాము ప్రాంతంలో తగ్గుతూనే ఉంటుంది, జాడీలో మూస్తే ఆరిపోతుంది. ఒక గ్రాము మైనం కాలడానికి 3.45 గ్రాముల ఆక్సిజన్ కావాలి, 3.12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 1.33 గ్రాముల నీరు వస్తాయి అని లెక్క వేసి చూపించొచ్చు. రెండు వైపులా 4.45 గ్రాములు. అది పదో తరగతిలో సమీకరణం తుల్యం చేయడం వచ్చాక బాగుంటుంది.

## 5. మంచుముక్క

ఆరు, ఏడు తరగతులకి. రసాయన చర్య కాదు, స్థితి మార్పు. మూత ఉన్న స్టీలు డబ్బాలో మంచుముక్కలు వేసి తూచండి, కరిగాక తూచండి. మారకూడదు కదా? మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో అంకె పెరుగుతుంది, డబ్బా బయట చెమర్చినందుకు. "లోపలి నీళ్ళు బయటికి వచ్చాయి" అని ఎవరో ఒకరు అంటారు. వెంటనే కాదనకండి. ఆ అనుమితిని ఎలా పరీక్షించాలో అడగండి. రంగు కలిపిన నీళ్ళతో మంచు గడ్డ కట్టించి మళ్ళీ చేస్తే, బయటి చుక్కలకి రంగు లేదని వాళ్ళే చెబుతారు. గుడ్డతో తుడిచి తూచితే అంకె మొదటికి వస్తుంది. గాలి పొడిగా ఉండే రోజుల్లో ఇంత చెమ్మ పట్టదు, కాబట్టి ముందురోజు ఒకసారి చేసి చూసుకోండి.

## ఒక్క చూపులో

| ప్రయోగం | కావాల్సిన త్రాసు | పరిశీలన, అనుమితి నేర్పడానికి | ద్రవ్యనిత్యత్వం చూపడానికి | జాగ్రత్త | సమయం |
|---|---|---|---|---|---|
| అవక్షేపం | 0.1 గ్రా. | ఓ మాదిరి | సరిగ్గా వస్తుంది, వింత గొలపదు | సీసం వద్దు | ఒక పీరియడ్ |
| సోడా, గట్టి సీసా | 0.01 గ్రా. | చాలా బాగు | చాలా బాగు | ఒక గ్రాముకి మించొద్దు | ఒక పీరియడ్ |
| సోడా, బెలూన్ | 0.01 గ్రా. | ఉత్ప్లవనం తెలిసినవాళ్ళకి చాలా బాగు | మొదటిసారికి వద్దు | ప్రమాదం లేదు, తికమక ఉంది | ఒక పీరియడ్ |
| ఇనుప పీచు | 0.1 గ్రా. | చాలా బాగు | సగం దాకానే | నిప్పు రవ్వలు | 20 నిమిషాలు, చల్లారే సమయం అదనం |
| కొవ్వొత్తి | అక్కర్లేదు | అన్నిటికన్నా మేలు | కుదరదు | మామూలు నిప్పు జాగ్రత్త | ఒక పీరియడ్ |
| మంచుముక్క | 0.1 గ్రా. | చాలా బాగు | స్థితి మార్పుకే | ఏమీ లేదు | కరిగేదాకా |

## మీ పరిస్థితిని బట్టి

ప్రభుత్వ హైస్కూలు, అరవైమంది, ల్యాబ్ పేరుకే ఉంది. సోడా సీసా. ఒక్క పాకెట్ త్రాసు చాలు, పిల్లల్ని జట్లుగా చేసి, జట్టుకో సీసా ఇవ్వండి, తూచడానికి వరుసగా రమ్మనండి. త్రాసు తెర అందరికీ కనబడదు కాబట్టి ఒకరు అంకెని పైకి చదవాలి, ఇంకొకరు బోర్డు మీద రాయాలి. తూచేటప్పుడు ఫ్యాను ఆపించండి, గాలికి 0.01 గ్రాముల త్రాసు ఊగుతూనే ఉంటుంది.

మంచి ల్యాబ్ ఉన్న స్కూలు. అవక్షేపం, సోడా సీసా రెండూ చేయించండి, కానీ ముందు సోడా సీసా. మూత ఎందుకు ముఖ్యమో తెలిశాక అవక్షేపం ప్రయోగంలో బిరడా ఎందుకు పెడతారో వాళ్ళే చెబుతారు. మైలుతుత్తం రకం ఎంచుకుని, ఒక జట్టుకి బిరడా ఇచ్చి ఇంకో జట్టుకి ఇవ్వకుండా చూడండి.

త్రాసు అసలే లేదు. అప్పుడు "సమానం" అని చూపించే ప్రయత్నమే వద్దు. కొవ్వొత్తితో పరిశీలన, అనుమితి నేర్పండి. ఇనుప పీచుకి మాత్రం స్కేలు మధ్యలో దారం కట్టి వేలాడదీసి, ఒక కొసకి పీచు, ఇంకో కొసకి సమానమైన బరువు కట్టి కాల్చొచ్చు. పీచున్న వైపు కిందికి వంగుతుంది, అంకె అక్కర్లేదు. స్కేలు లోహంది అయి ఉండాలి, కింద ఇసుక పళ్ళెం పెట్టాలి.

ఇంట్లో చెప్పే అమ్మానాన్నలు. మంచుముక్క, తర్వాత కొవ్వొత్తి. పిల్లవాడు చెప్పిన ప్రతి మాటకీ "చూశావా, అనుకున్నావా?" అని ఒక్క ప్రశ్న అడుగుతూ ఉంటే చాలు. సోడా సీసా చేస్తే మూత బిగించేది, తీసేది పెద్దవాళ్ళే కావాలి.

పోటీ పరీక్షల పిల్లలకి చెప్పేవాళ్ళు. బెలూన్. "వాయువు పోలేదు, అంకె తగ్గింది, ఎందుకు?" అని అడిగి పది నిమిషాలు వదిలేయండి. ఎంత తగ్గాలో లెక్క వేయించండి. రసాయనశాస్త్రం, ఉత్ప్లవనం ఒకే ప్రశ్నలో కలుస్తాయి, అంకె తగ్గడానికీ ద్రవ్యరాశి తగ్గడానికీ తేడా జన్మలో మరిచిపోరు.

## రెండు పీరియడ్లు దొరికితే

మొదటి రోజు కొవ్వొత్తితో నిలువు గీత పేజీ అలవాటు చేయండి. రెండో రోజు సోడా సీసా, ముందు మూత లేకుండా, తర్వాత మూతతో. ఈ వరుస తిప్పకండి. మూత లేకుండా తగ్గడం చూశాక "మూత ఉంటే?" అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా "తగ్గుతుంది", "పెరుగుతుంది", "మారదు" లో ఒకటి కాగితం మీద రాయించాకే మూత బిగించండి. రాసిన కాగితం చేతిలో ఉన్న పిల్లవాడు త్రాసు వైపు చూసే తీరే వేరు.

పరీక్షలో నిర్వచనం అడగడం తగ్గించి ఇలాంటి ప్రశ్న ఇవ్వండి: "సీసా గట్టిపడింది. లోపల వాయువు ఏర్పడింది. త్రాసు 62.40 చూపించింది. ద్రవ్యరాశి మారలేదు. వీటిలో పరిశీలనలు ఏవి, అనుమితులు ఏవి? ఒక్కో అనుమితికి ఆధారం చూపండి." నాలుగు మార్కుల్లో రెండు వర్గీకరణకి, రెండు ఆధారానికి ఇవ్వండి. ఆధారం సరిగా రాసినవాడు వర్గీకరణలో ఒకటి తప్పినా మార్కులు పూర్తిగా కోసేయకండి, వాడు నేర్చుకుంటున్నది సరైన దారిలోనే.